కన్ను మూతపడితే బండి ఎట్లా నడిపేది?

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది, అక్షరాల్లో)

మాది కడప జిల్లా, రాజంపేట దగ్గర పల్లె. కువైట్‌లో పదకొండేళ్ళుగా హౌస్ డ్రైవర్‌గా పనిచేస్తున్నా. ఈ రోజు అకామా సంగతులు కాదు, నా కళ్ళ సంగతి చెప్తా. మనలో డ్రైవర్లు ఎక్కువ గదా, కొంచెం ఓపిగ్గా వినండి.

మూడేళ్ళ కింద రెప్పలు ఊరికే టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఫోన్లో అమ్మకి చెప్తే, "కుడికన్నా, ఎడమకన్నా?" అని అడిగింది. మగవాళ్ళకి కుడికన్ను అదిరితే మంచిదని మనవాళ్ళ లెక్క. రెండూ అన్నా. దానికి అమ్మ దగ్గర జవాబు లేదు.

రానురాను ఎండలోకి వస్తే చాలు, రెప్పలు వాటంతట అవే గట్టిగా మూసుకునేవి. ఒక క్లినిక్‌లో కళ్ళు పొడిబారాయని చుక్కల మందు ఇచ్చారు. ఏడాది వేసుకున్నా. విచిత్రం ఏందంటే, పాట పాడుతుంటే, చూయింగ్ గమ్ నములుతుంటే కళ్ళు తెరుచుకునేవి. అందుకే రూములో వాళ్ళు నాటకాలు అన్నారు. నేను కూడా మనసులోనే ఏదో తేడా ఉందేమో అనుకున్నా.

ఒక మధ్యాహ్నం సేటు పిల్లల్ని స్కూలు నుంచి తెస్తున్నా. ఫిఫ్త్ రింగ్ రోడ్డు మీద రెండు కళ్ళూ మూతపడ్డాయి. ఒక చేతి వేలితో రెప్ప ఎత్తిపట్టి, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పి బండి పక్కకి తీశా. వెనక పిల్లలు ఐప్యాడ్ చూసుకుంటున్నారు, వాళ్ళకేం తెలీదు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఆలోచించడానికే భయమేసింది. పొద్దున్నే సేటుకి చెప్పేశా. జీతం లేని లీవు ఇచ్చి పంపాడు.

హైదరాబాద్‌లో నరాల డాక్టరమ్మ నన్ను చూసి, కాసేపు మాట్లాడించి, గట్టిగా కళ్ళు మూసి తెరవమంది. బ్లెఫరోస్పాజమ్ అంది. డిస్టోనియా అనే జబ్బుల్లో ఒకటి. కంట్లో లోపం లేదు, మెదడులో కదలికల్ని అదుపు చేసే చోట తేడా వచ్చి, రెప్పలు మూసే కండరానికి అక్కర్లేని ఆర్డర్లు పోతుంటాయి. పాట పాడితే తగ్గడం కూడా ఈ జబ్బు లక్షణమేనంట. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది. నాటకం కాదని ఒకరు చెప్పారు గదా.

మందు బొటాక్స్. సినిమావాళ్ళు ముడతలకి వేయించుకునేది కాదా అంటే, అదేనంది. పాడైన డబ్బా తిండిలో పెరిగే ఒక సూక్ష్మజీవి చేసే విషం అది. ఒళ్ళంతా పాకితే ఊపిరి ఆగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి డాక్టరు దాన్నే చాలా తక్కువ మోతాదులో మెల్లకన్నుకి వాడి, 1980లో ఫలితాలు బయటపెట్టాడు. 1989లో అమెరికాలో మెల్లకన్నుకీ, ఈ రెప్పల జబ్బుకీ అనుమతి వచ్చింది.

అది పనిచేసే తీరు నాకు అర్థమైనట్టు చెప్తా. నరం చివర సన్నటి సంచుల్లో ఒక రసాయనం ఉంటుంది. ఆ సంచి నరం గోడకి తగులుకుని పగిలితేనే రసాయనం కండరానికి చేరుతుంది, కండరం బిగుస్తుంది. ఈ మందు నరం చివరలోకి దూరి, సంచిని తగిలించే కొక్కెం లాంటి ప్రోటీన్‌ని కత్తిరిస్తుంది. ఆర్డరు వస్తుంది, కండరానికి అందదు. స్విచ్ బోర్డులో షార్ట్ ఉంటే బల్బు దగ్గర తీగ పీకేసినట్టు. బోర్డు మాత్రం అట్లాగే ఉంది. అందుకే ఇది జబ్బుని నయం చేయదు. సుమారు మూడు నెలలకి నరం మళ్ళీ కోలుకుంటుంది, రెప్పలు మళ్ళీ మొదలుపెడతాయి.

ఇన్సులిన్ సూది లాంటి సన్న సూదితో రెండు కళ్ళ చుట్టూ పొడిచారు. ఒక్కోచోట రెండు యూనిట్లు, అటూఇటూ. చీమ కుట్టినంతే. నాలుగో రోజు ఎండలో, రెప్ప పట్టుకోకుండా టీ కొట్టుదాకా నడిచి పోయా. ఎడమ రెప్ప రెండు వారాలు కాస్త వాలింది, తర్వాత సర్దుకుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. మనకి లీవు రెండేళ్ళకోసారి, మందు మూడు నెలలకోసారి. కాబట్టి వైద్యం మనం పనిచేసే చోటే దొరకాలి. నేను ఇక్కడ ప్రైవేటులో ఒక నరాల డాక్టర్ని వెతుక్కున్నా. ఖర్చు ఎక్కువే, నెలనెలా పక్కన పెడుతున్నా. వచ్చేటప్పుడు డాక్టరమ్మ దగ్గర కాగితం రాయించుకున్నా: ఏ కంపెనీ మందు, ఎక్కడెక్కడ, ఎన్ని యూనిట్లు. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, ఆ కాగితం లేకపోతే కొత్త డాక్టరుకి లెక్క తెలీదు. తగ్గలేదని ముందే వేయించుకోవద్దని కూడా చెప్పింది, తొందరపడితే ఒంట్లో దానికి ఎదురు మందు తయారై పనిచేయకుండా పోవచ్చంట. బ్యూటీ పార్లర్లో చవగ్గా వేస్తామంటే మాత్రం పోవద్దన్నా.

మెడ ఒక పక్కకి తిరిగిపోయేవాళ్ళకి, ముఖం సగం గుంజుకుపోయేవాళ్ళకి కూడా ఇదే మందు వాడతారు. మెడలో వేస్తే కొందరికి మింగడం కష్టమవుతుంది, అట్లా అయితే ఆగకుండా డాక్టరుకి చెప్పాలి.

నాకు రెండున్నర నెలలకే రెప్పలు బరువెక్కుతాయి. అప్పటి నుంచి మళ్ళీ సూది పనిచేసేదాకా స్టీరింగ్ ముట్టను, సేటుకి ముందే చెప్పుకున్నా. ఈ వారం పిల్లల్ని స్కూలుకి దింపేది పక్కింటి శ్రీలంక డ్రైవర్. నా సూది వచ్చే గురువారం. ఉంటానన్నా.