కీళ్లవాతము – మూలికా ఔషధములు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కీళ్లనొప్పులు లేని గ్రామము లేదు. అయితే ఆ నొప్పులన్నియు ఒక జాతివి కావు. వయసుతో కీళ్లు అరిగి వచ్చునది ఒకటి. నేడు మేము ప్రస్తావింపదలచినది వేరొకటి. ఇందులో దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, కీళ్ల లోపలి పొరను శత్రువుగా భావించి దానిపై దండెత్తును. వ్రేళ్ల కణుపులు, మణికట్లు రెండు ప్రక్కల వాచును. ఉదయము లేచిన పిదప గంటసేపైనను పిడికిలి బిగియదు. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండుమూడు రెట్లు అధికము. నాట్లు వేయు చేయి మూలబడినచో ఆ యింటి గతి యేమగునో తమకు మేము చెప్పనక్కరలేదు.

దీనికి మూలికలలో మందు కలదా యని పలువురు అడుగుచున్నారు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఆస్పిరిన్ కనుగొనుటకు దారి చూపినది విల్లో చెట్టు బెరడే కదా!

దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లకు వచ్చు పసుపునే చూడుడు. దానికి రంగునిచ్చు కర్క్యుమిన్ వాపును రేపు రసాయనములను అణచునని ప్రయోగశాలలలో తేలినది. 2012లో ప్రకటితమైన ఒక పరిశీలనలో దానిని తీసికొన్న ఈ వ్యాధిగ్రస్తులకు నొప్పి, వాపు తగ్గినవి. సంతోషమే, కాని ఆ పరిశీలనలోని రోగులు మొత్తము 45 మంది మాత్రమే. పైగా పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లు. అందులోను రక్తమున చేరునది బహు స్వల్పము. మిరియములలోని పైపరిన్ తోడైనచో హెచ్చుగా చేరునని 1998లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు చూపిరి. అయితే ఆ పైపరిన్ ఇతర ఔషధముల పాలును గూడ రక్తములో పెంచగలదు. కూరలోని పసుపు రుచికి మంచిదే. దానిని చికిత్స యనరాదు.

ఇంతకంటె బలమైన సాక్ష్యము చైనాలోని ‘పిడుగుదేవుని తీగ’కు కలదు. 2014లో ప్రకటితమైన పరిశీలనలో 207 మంది రోగులు పాల్గొనిరి. వేరునుండి తీసిన సారము మెథోట్రెక్సేట్ అను వాడుక మందునకు తీసిపోలేదు. రెండును కలిపి యిచ్చినప్పుడు ఫలితము మరింత మెరుగు. కాని ఆ తీగ పురుషులలో సంతానశక్తిని తగ్గించును, స్త్రీలలో ఋతుక్రమమును ఆపును. ఆకులు, పువ్వులు విషతుల్యములు. మొక్కమందు గనుక హాని చేయదనుట వట్టి భ్రమ.

మెథోట్రెక్సేట్ సామాన్యముగా వారమునకు ఒక్కమారే తీసికొనవలసిన మందు. పొరబాటున ప్రతిదినము మ్రింగి ప్రాణములు కోల్పోయినవారు కలరు. సంతలో కొన్న పొడిని నమ్మి దానిని మానివేయువారును కలరు. ఆ పొడులలో కొన్నిటియందు రహస్యముగా స్టెరాయిడ్లు కలుపుదురు. నొప్పి మూడు దినములలో మాయమగును. మొగము ఉబ్బును, ఎముకలు గుల్లబారును, లోపల కీలు మాత్రము అరిగిపోవుచునే యుండును. కీళ్లవాతమును నయము చేయుదుమని మందులకు ప్రకటనలిచ్చుట 1954 నాటి కేంద్ర చట్టము ప్రకారము నేరము. మీ సంతలో అట్టి బోర్డు కనబడినచో ఔషధ తనిఖీ అధికారికి తెలుపుడు.

కీళ్లవాపు ఆరు వారములు దాటినవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పంపుడు. ఆలస్యమైన కొలది అరిగిన కీలు తిరిగి రాదు. వాడుచున్న పొడి పొట్లమును గూడ డాక్టరుగారికి చూపుమని వారితో చెప్పుడు.