పిడుదులపై పోరు కొట్టం నుంచే మొదలవ్వాలి

(పాడి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వానలు మొదలైతే మన పశువులకు పిడుదుల బెడద మొదలైనట్టే. కొన్నిచోట్ల వీటినే గోమార్లు అంటాం. ఇవి రక్తం పీల్చడంతో ఆగవు. థైలీరియా, బబీసియా జబ్బులను అంటిస్తాయి. జ్వరం వస్తుంది, పాలు పడిపోతాయి. బబీసియాలో మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఒంగోలు జాతి కొంత తట్టుకుంటుంది గానీ జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకర ఆవులు తట్టుకోలేవు. అప్పు తెచ్చి కొన్న ఆవు చనిపోతే అప్పు మాత్రం మిగులుతుంది.

మందు కొడుతున్నా పిడుదులు ఎందుకు పోవడం లేదు? డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందులను తట్టుకునే పిడుదులు మన దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. మోతాదు పెంచితే ఖర్చు పెరుగుతుంది, మందు అవశేషాలు పాలలోకీ చేరతాయి.

అందుకే పెరటి మందు వైపు చూద్దాం. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ చెబుతున్న పద్ధతి ఇది: వెల్లుల్లి 10 రెబ్బలు, వస కొమ్ము 10 గ్రాములు, పసుపు 20 గ్రాములు, వేపాకు, వేపకాయలు, తులసి, లంటానా ఆకులు గుప్పెడు చొప్పున. అన్నీ నూరి లీటరు నీళ్లలో కలిపి, వడకట్టి, ఎండపూట పశువు ఒళ్లంతా పిచికారీ చేయాలి. పిడుదులు పోయేదాకా వారానికోసారి కొట్టాలి. వేపలోని అజాడిరక్టిన్ పిడుదుల ఎదుగుదలనూ, గుడ్లు పెట్టడాన్నీ దెబ్బతీస్తుంది. వెంటనే చావలేదని మానేయొద్దు.

రక్తం తాగిన ఆడ పిడుదు నేల మీద పడి, పగుళ్లలో 2 వేల నుంచి 3 వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కొట్టం గోడలకూ, పగుళ్లకూ ఇదే మందు కొట్టాలి. ఒకరు కొట్టి పదిమంది మానేస్తే మేత బీడులో మళ్లీ ఎక్కుతాయి. ఊరంతా ఒకేరోజు కొడదాం.

చెట్టు మందు కదా అని ఏదిపడితే అది పూయకూడదు. పొగాకు కషాయంలోని నికోటిన్ చర్మం గుండా ఎక్కి విషమవుతుంది. సీతాఫలం గింజల పొడి కంటికి ప్రమాదం. లంటానా తింటే పశువు కాలేయం చెడుతుంది. పిప్పిని పశువుకు అందకుండా పూడ్చేయండి. జ్వరం, ఎర్ర మూత్రం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవండి.

ప్రభుత్వాన్ని మనం అడిగేది రెండే: పరీక్షించి నాణ్యత తేల్చిన వేప మందులు ప్రతి పశువైద్యశాలలో ఉచితంగా ఇవ్వాలి. ఏ ప్రాంతంలో ఏ రసాయన మందు పనిచేయడం లేదో పరీక్షించి రైతుకు చెప్పాలి. ఈ నెల గ్రామ కమిటీల్లో చర్చించి తీర్మానాలు పంపండి.