సంతకానికి వెల ఎంత?



ఈ దినాన మీతో ఒక అట్టముక్కను గూర్చి మాట్లాడాలని ఆశిస్తున్నాను. నవ్వకండి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు. దాని మీద అమెరికా బాస్కెట్ బాల్ ఆటగాడి బొమ్మ, బొమ్మ కింద నీలిసిరాతో ఒక సంతకం. అంతే.

కొంతకాలం క్రితం కొత్తచెరువులో మగ్గం నేసే ఒక పెద్దాయన ఆ అట్టముక్కను చేతిరుమాలులో చుట్టుకొని నా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, మావోడు బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటా ముప్పై వేలు పెట్టి దీన్ని కొన్న్యాడంట. నెలంతా మగ్గం గుంతలో కూర్చుంటే నాకెంతొస్తాది? ఈ గీతకు ముప్పై వేలా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ వినబడింది. ఆ ముప్పై వేలు చెల్లెలి కాలేజీ ఫీజుకని దాచినవి.

వెంటనే ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టవద్దు. మనలో ఎంతమంది చిన్నతనంలో బబుల్ గమ్‌తో వచ్చే క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు దాచుకోలేదు? నేనూ దాచుకున్నాను. రెండు బొమ్మలిచ్చి ఒక కపిల్ దేవ్ బొమ్మ తెచ్చుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇష్టపడినదాన్ని పోగుచేసుకోవడం పాపం కాదు. అయితే ఆ ఇష్టం సంతగా మారినప్పుడు మనం మెలకువగా ఉండాలి.

ఆ సంత ఎట్లా నడుస్తుందో వినండి. కార్డులు ముద్రించే కంపెనీ ఆటగాడికి డబ్బిచ్చి సంతకాలు చేయించుకుంటుంది. కొన్నిసార్లు అతడు కార్డు మీదనే సంతకం చేస్తాడు. చాలాసార్లు స్టిక్కర్ల మీద చేసి పంపుతాడు, వాటిని తరువాత కార్డులకు అంటిస్తారు. ఒక్కో రకం ఇన్నే అని లెక్క కట్టి, 99లో ఇది ఫలానా అంకె అని ముద్రిస్తారు. మూసిన ప్యాకెట్లో ఏముందో కొనేవాడికి తెలియదు. వందమంది తెరిస్తే ఒక్కరికి మంచి కార్డు రావచ్చు, మిగతావారికి మామూలు అట్టలే మిగులుతాయి. కార్డు దొరికినవాడు దాన్ని పరీక్షించే సంస్థకు పంపిస్తాడు. వారు అంచులు, మూలలు చూసి 1 నుండి 10 వరకు మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తారు. ఆ మార్కును బట్టి వెల పెరుగుతుంది, తరుగుతుంది.

వెలలు వింటే తల తిరుగుతుంది. లెబ్రాన్ జేమ్స్ ఆట మొదలుపెట్టిన 2003-04 సీజనుకు అప్పర్ డెక్ కంపెనీ ఐదు కార్డుల పెట్టెను 500 డాలర్లకు అమ్మింది. అతని సంతకమున్న ఆనాటి కార్డు ఒకటి 2021 ఏప్రిల్‌లో 52 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2025 ఆగస్టులో మైకేల్ జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలు ఉన్న కార్డు ఒకటి వేలంలో సుమారు 1 కోటి 29 లక్షల డాలర్లు పలికింది. మన రూపాయల్లో 110 కోట్ల పైమాట. అటువంటిది లోకంలో ఒక్కటే ఉంది. కోబీ 2020 జనవరిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఆ చెయ్యి ఇక సంతకం చేయదు. మనిషి పోయాక అతని గీత వెల పెరగడం ఎంత విచారకరమో యోచించండి.

పత్రికలకు ఎక్కేది పెరిగిన వెల మాత్రమే. పడిపోయినదాన్ని ఎవరూ చాటింపు వేయరు. సంతకం లేకపోయినా పేరుపొందిన జోర్డాన్ 1986 ఫ్లీర్ కార్డు, పూర్తి 10 మార్కులు వచ్చినది, 2021 ఆరంభంలో 7 లక్షల 38 వేల డాలర్లకు పోయింది. ఒకటి రెండేళ్లలోనే అటువంటి కార్డులు అందులో మూడో వంతు కంటే తక్కువకు దిగాయి. కార్డు మారలేదు, జోర్డాన్ ఆట మారలేదు. మారినది కొనేవారి మనస్సు. కార్డుకు సొంత విలువ లేదు, పక్కవాడి ఆశే దాని విలువ.

ఇక దొంగ సంతకాల సంగతి. అమెరికా ఎఫ్.బి.ఐ. 1990ల చివర 'ఆపరేషన్ బుల్‌పెన్' అనే పేరుతో దర్యాప్తు చేసి పెద్ద ముఠాలను పట్టుకుంది. ఒకే మనిషి కూర్చుని అనేకమంది క్రీడాకారుల సంతకాలను గీసేస్తుండేవాడు. వారి సరుకులో మదర్ తెరెసా సంతకమున్న బేస్‌బాల్ బంతి కూడా ఉందంటే, మనుష్యుల ఆశ ఎంత గ్రుడ్డిదో చూడండి! ఆ తల్లి బేస్‌బాల్ బంతి మీద ఎందుకు సంతకం చేస్తుందని ఎవరూ ఆగి అడుగలేదు.

మన ధర్మవరం చీర అసలు పట్టా కాదా అని అనుమానం వస్తే ఒక పోగు లాగి కాల్చి చూస్తాము. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే పట్టు. సంతకాన్ని ఏ నిప్పులో పెట్టి చూస్తాము? అక్కడ మిగిలేది అమ్మినవాని మాట ఒక్కటే.

మరల ఆ పిల్లవాని దగ్గరకు వద్దాం. అతడు దాన్ని ఫోనులో పరిచయమైన ఒక వ్యక్తి దగ్గర కొన్నాడు. అమ్మబోయేసరికి అనుమానం మొదలైంది. సాధారణంగా కార్డు వెనుక 'ఈ సంతకానికి మా హామీ' అని కంపెనీ ముద్రించే మాట దీనిమీద లేదు. అమ్మినవాని ఫోను మూగబోయింది. ఇంతలో ఒక స్నేహితుడు, ఏమీ తెలియక, ఇరవై వేలకు కొంటానన్నాడు.

ఆ ఆదివారం సాయంకాలం అతడు నా యొద్దకు వచ్చాడు. "అయ్యగారూ, నేను మోసపోయినట్టే వాడూ చూసుకోవాల కదా? నేనేమీ అబద్ధం చెప్పడం లేదే, ఊరికే మాట్లాడకుండా ఉంటా, అంతే" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. "నాయనా, నీకు అమ్మినవాడు కూడా అదే అనుకొని ఉంటాడేమో. ఆ మౌనం నీకు ఎట్లా అనిపించింది?"

దొంగత్రాసును గూర్చి సామెతల గ్రంథము ఊరకే హెచ్చరించలేదు. త్రాసు తేలిక చేసేది రాయి మాత్రమే కాదు, చెప్పవలసిన చోట చెప్పని మాట కూడా.

అతడు చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. మరునాడు స్నేహితునికి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇరవై వేలు రాలేదు. చెల్లెలి ఫీజుకు నెలకింత అని జీతంలోనుండి తీర్చుతున్నాడు. ఆ స్నేహితుడు నేటికీ అతని ఇంటికి భోజనానికి వస్తున్నాడు. ఆ కార్డు ఇప్పుడు వాళ్ల నాన్న మగ్గం పక్కన గోడకు అంటించి ఉంది. "ఇది మావోనికి చదువు చెప్పిన కాగితం" అంటాడు పెద్దాయన.

2010లో టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ మన అనంతపురానికి వచ్చి, తన ఫౌండేషన్ తరపున పేద పిల్లల కొరకు టెన్నిస్ పాఠశాల ఆరంభించాడు. ఆయన సంతకాలు లోకమంతట వేలాది కాగితాల మీద ఉన్నాయి, వాటికి వెల పెరుగును, తగ్గును. కానీ ఆ మైదానంలో రాకెట్ పట్టుకొన్న పేద బిడ్డకు కలిగిన మేలును ఏ వేలంలో పెట్టగలరు?

కాబట్టి యువతీ యువకులారా, ఇష్టమైతే కార్డులు పోగుచేసుకోండి. పోయినా బాధలేనంత డబ్బుతోనే కొనండి. ఇంటివారి అవసరానికి దాచినదాన్ని ముట్టవద్దు. హామీ లేని సంతకాన్ని నమ్మవద్దు. అమ్మునప్పుడు మీకు తెలిసిన లోపమును మొదట మీరే చెప్పండి. మనం ఇచ్చిన మాట క్రింద కూడా ఒక సంతకం ఉంటుంది. అది మన సొంతది, దానిని మరియొకరు గీయలేరు.

వచ్చే వారం ఇదే సమయమున మరల కలుసుకుందాం. అంతవరకు సెలవు.