చేతితొడుగు మీది అక్షరం చదువుదాం
(పినపాకలో రైతులు, కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా అందరూ మీ ఎడమచెయ్యి ఒకసారి చూసుకోండి. కొడవలి ఉండేది కుడిచేతిలో, తెగేది ఎడమచెయ్యి. వరికోతలో పిడికిట పట్టేది అదే, వెదురు చీల్చేటప్పుడు అదిమేది అదే, జామాయిల్ కొమ్మలు నరికేటప్పుడు కర్రను ఆపేది అదే. పసుపు అద్ది గుడ్డ చుట్టి మళ్ళీ పనిలోకి దిగుతాం. కానీ వేలి నరం తెగితే ఆ సీజను కూలి పోయినట్టే. రైతుబీమా ఉంది కదా అంటారు. 2018లో వచ్చిన ఆ పథకం పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తుంది. వేలు తెగితే ఏమీ రాదు. పట్టా లేని కౌలురైతుకు, కూలీకి అసలే రాదు. కాబట్టి తెగకముందే చూసుకోవాలి.

ఇప్పుడు బజారులో ‘కట్ ప్రూఫ్’ అని గ్లౌజులు అమ్ముతున్నారు. అసలు తెగని గ్లౌజంటూ లేదు. ఎంత బలానికి తెగుతుందనేదే లెక్క. ఆ లెక్క గ్లౌజు మీదే రాసి ఉంటుంది.

యూరప్ ప్రమాణం పేరు ఈఎన్ 388. డాలులో సుత్తి బొమ్మ, దాని కింద నాలుగు అంకెలు, ఆ తర్వాత అక్షరం ఉంటాయి. మొదటి అంకె ఒరిపిడికి, రెండోది కోతకు, మూడోది చిరుగుకు, నాలుగోది పోటుకు. అంకె బదులు ఎక్స్ ఉంటే ఆ పరీక్ష చేయలేదనో, దానికి పనికిరాదనో అర్థం.

రెండో అంకె పాత పరీక్షది. గుండ్రటి బ్లేడును 5 న్యూటన్ల బరువుతో గుడ్డ మీద ముందుకూ వెనక్కూ తిప్పుతారు. నూలుగుడ్డతో పోల్చి మార్కులు వేస్తారు. ఇందులో ఒక చిక్కుంది. గుడ్డలో గాజుపోగో స్టీలుపోగో ఉంటే బ్లేడే మొద్దుబారుతుంది. మొద్దు కత్తితో చూస్తే ఏ గుడ్డయినా గట్టిదే! మనం రోజూ పొద్దున్నే సానపట్టిన కొడవలితో పోతాం కదా.

అందుకే 2016లో ప్రమాణాన్ని సవరించారు. బ్లేడు మొద్దుబారితే ఐఎస్ఓ 13997 పరీక్ష చేయాలి. తిన్నని కొత్త బ్లేడును ఒక్కసారే లాగుతారు. 20 మిల్లీమీటర్ల లాగుడులో గుడ్డ తెగాలంటే ఎంత బలం కావాలో కొలుస్తారు. ఏ అంటే 2 న్యూటన్లు, బీ 5, సీ 10, డీ 15, ఈ 22, ఎఫ్ 30. పది న్యూటన్లంటే దాదాపు కిలో బరువు నొక్కు. అమెరికా గుర్తు వేరు, ఏ1 నుంచి ఏ9 దాకా ఉంటుంది. వాళ్ళ ఏ4 అంటే 1500 గ్రాములు, అంటే దాదాపు యూరప్ డీ. ఒట్టి ‘ఏ’ చూసి ఏ4 అనుకోవద్దు.

అయితే అక్షరం చూసి ధీమా పడకూడదు. ఈ పరీక్ష కొలిచేది జారే కోతను, గొడ్డలి వేటును కాదు. ల్యాబు బ్లేడుది నున్నటి అంచు, మన పళ్ళకొడవలి రంపంలా కోస్తుంది. మోటారు రంపానికి ప్రమాణమే వేరు. పరీక్ష చేసేది కొత్త గ్లౌజును, అరిగి చిరిగినదానికి ఆ అక్షరం వర్తించదు. ఇంకొక మాట మరవద్దు: నూర్పిడి మిషను, గడ్డి కత్తిరించే మిషను దగ్గర గ్లౌజు తీసెయ్యండి. తిరిగే భాగానికి గ్లౌజు చిక్కితే చెయ్యినే లోపలికి గుంజుతుంది.

మిత్రులారా, ఫ్యాక్టరీల చట్టం 1948లోనే గేటు లోపలి కార్మికుడి భద్రతకు నిబంధనలు పెట్టింది. ఫ్యాక్టరీకి కర్ర కొట్టి పంపే మనిషి గేటు బయటే ఉండిపోయాడు. తెగేది ఎక్కడైనా చెయ్యే కదా! ఇకనుంచి కోత రేటు, కర్ర కొట్టే రేటు మాట్లాడేరోజే గ్లౌజులు ఎవరు ఇస్తారో కూడా మాట్లాడదాం. ‘గ్లౌజులు ఇచ్చాం’ అంటే సరిపోదు, ‘ఏ అక్షరం?’ అని అడుగుదాం. చిన్నరైతులం పది మందిమి కలిసి టోకున కొనుక్కుందాం. ముందు ఎడమచేతికి తొడుగుదాం.