గర్భంలో మెదడు – తొలి 28 రోజులు

ఉగాదినాడు మేము ఒక్క మాట మనవి చేస్తున్నాము.

1958లో గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ బృందం అల్ట్రాసౌండుతో తీసిన గర్భస్థ శిశువుల చిత్రాలను ప్రకటించింది. నేడు ఆ పరీక్ష బిడ్డ మెదడులో, వెన్నులో పెక్కు లోపాలను పుట్టుకకు ముందే పట్టిస్తున్నది, సందేహమున్నచోట ఎం.ఆర్.ఐ. మరింత స్పష్టంగా చూపుతుంది.

అయితే చూడడం వేరు, నివారించడం వేరు. మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం గర్భం నిలిచిన 28 రోజులలోనే మూసుకోవాలి. అప్పటికి తల్లికి గర్భం సంగతే తెలియకపోవచ్చు! ఫోలిక్ ఆమ్లం ఈ లోపాన్ని చాలావరకు నివారిస్తుందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి రుజువు చేసింది. అమెరికాలో దానిని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

కనుక కూతుళ్ళకు, కోడళ్ళకు గర్భానికి ముందునుంచే వైద్యుల సలహాపై రోజుకు 400 మైక్రోగ్రాములు అందేటట్లు చూడవలసిందిగా కోరుతున్నాము.