తలకొలత చెప్పునదేమి?

మన తెలుగిండ్లలో పసిబిడ్డను ఆవాల దిండుపై పరుండబెట్టు ఆచారము కలదు. తల గుండ్రముగా రావలెనని పెద్దల కోరిక. లేత ఎముకల ప్రాయమున ఎప్పుడును ఒకే వైపున పరుండిన శిశువు తల ఆ వైపు చదునగునని వైద్యులును అంగీకరింతురు. ఈ గృహవిషయమును మనసున నుంచుకొని ఒక శాస్త్రవాదమును పరిశీలింతము.

1842 ప్రాంతమున స్వీడను దేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఆండర్స్ రెట్జియస్ తల వెడల్పును పొడవుతో పోల్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. వెడల్పును నూరుతో హెచ్చించి పొడవుచే భాగించిన వచ్చునది కపాలసూచిక. పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు 14 అయినచో సూచిక సుమారు 78. సాధారణముగా 75కు లోబడినది దీర్ఘకపాలము, 80కి మించినది పృథుకపాలము, నడిమిది మధ్యకపాలము.

1885 నుండి 1908 వరకు మదరాసు మ్యూజియమునకు అధిపతియైన ఎడ్గార్ థర్‌స్టన్ ఈ కొలతలకై రాజధానియందంతట తిరిగెను. తమిళదేశమునకంటె బళ్లారి పీఠభూమిలో వెడల్పు తలలు హెచ్చని వ్రాసెను. 1882 వరకు మన అనంతపురమును బళ్లారి జిల్లాలోనిదే. కొలుచుటలో తప్పు లేదు. కాని ఆ కాలపు పండితులు కొలతలకు గొప్పతనమును అంటగట్టిరి. హెర్బర్టు రిస్లీ ముక్కు కొలతలతో కులముల అంతస్తునే నిరూపింపబూనెను.

అమెరికాకు వలసవచ్చినవారికి అచట పుట్టిన బిడ్డల తలలు తల్లిదండ్రుల తలలకంటె కొంత వేరుగా నున్నవని ఫ్రాంజ్ బోయస్ 1911లో ప్రకటించెను. ఆ మార్పు ఎంత అనుదానిపై ఈ శతాబ్దమునను వాదము జరిగినది. కాని వంశముతోపాటు పరిసరమును తలను తీర్చునన్నమాట నిలిచినది. దిండు మార్చగల ఆకారము కులమునకు ముద్ర యెట్లగును?

1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిన గణితవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1946లో కేంబ్రిడ్జికేగి, సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వితీసిన ప్రాచీనాస్థికల కొలతలను పరిశీలించిరి. మహలనోబిస్ 1936లో వెలువరించిన పద్ధతి ననుసరించి, ఒక్క సూచికను నమ్మక, పలు కొలతలను కలిపి గుంపుల నడుమ దూరమును గణించిరి. ఆ గణితము దూరమును చెప్పును, హెచ్చుతగ్గులను చెప్పదు.

అట్లని తలకొలత వ్యర్థమని మేము చెప్పము. కనుబొమ్మల మీదుగా, వెనుక ఉబ్బెత్తుభాగమును కలిపి చుట్టు టేపు నేటికిని వైద్యునికి మిత్రము. పుట్టినపుడు సుమారు 34 సెంటీమీటర్లున్న చుట్టుకొలత ఏడాదికి 45 ప్రాంతమునకు చేరును. వేగముగా పెరిగిన తలలో నీరు చేరినదేమో చూడవలెను. పెరుగుదల మందగించిన మెదడు ఎదుగుదలను విచారింపవలెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే గతియైన అనంతపురమున, కరువునాటి పోషణలోపము తీవ్రమైనచో ఆ ఎదుగుదలయు కుంటుపడును.

కావున తల్లులు రెండేండ్లలోపు బిడ్డల తలచుట్టుకొలతను బరువుతోపాటు వ్రాయించుకొనవలెను. ఒకనాటి అంకెను చూచి భయపడనక్కరలేదు. నెలనెలకు వచ్చు మార్పును వైద్యునికి చూపవలెను.