అబిడ్స్ బేరం, మలక్‌పేట పందెం, ముల్కీ సరుకు

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

జిల్లాల నుంచి పట్నం వచ్చినోళ్లకు మొదటి జ్ఞాపకం ఒక రైల్వే స్టేషనో, ఒక బస్టాండో అయితది. మాలాంటి చాలామందికి అది నాంపల్లి స్టేషన్. ప్యాసింజరు బండి దిగి, సంచి భుజానికేసుకుని, ఆటోకు పైసలు లేక స్టేషన్ రోడ్డు పట్టుకుని నడిచినం. ఆ తొవ్వ అబిడ్స్‌కు పోతది. ఆదివారం పూట అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు ఉంటది. డిగ్రీ పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు సగం ధరకు, పావు ధరకు బేరమాడి కొన్నం. మూసి ఉన్న పెద్ద దుకాణాల షట్టర్ల ముందు గొంతుక్కూసుని పుస్తకాలు తిరగేసినం. కానీ ఆ షట్టర్ల వెనుక ఉన్న కథ మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. ఇయ్యాల ఆ కథే మీతో పంచుకోవాలని వచ్చినం.

ఇంతకూ ఈ అబిడ్ ఎవరు? ఆల్బర్ట్ అబిడ్ అనే ఒక ఆర్మేనియన్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిండు. పాదుషా బట్టలు, జోళ్లు, గడియారాలు చూసుకునుడు ఆయన నౌకరి. ఇప్పటికీ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి పోతే మహబూబ్ పాషా బట్టల బీరువా కనబడతది. బీరువా అంటే మన ఇంట్లో ఉండే బీరువా అనుకునేరు. ఒక పొడవాటి హాలు నిండా, రెండంతస్తుల్లో కట్టిన చెక్క గది అది. ఒకసారి తొడిగిన బట్ట ఆ ప్రభువు మళ్లీ తొడగడని ప్రతీతి. విడిచిన సరుకు అబిడ్ చేతికి వచ్చేదని, అదే సరుకు ఇంకో తొవ్వన కొత్తదై మళ్లీ హవేలీకే అమ్ముడుపోయేదని పాతబస్తీలో నవ్వుకుంటూ చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గాని, అబిడ్ దుకాణం పెట్టింది మాత్రం నిజం. ఆ దుకాణం పోయింది, ఆయన కూడా పోయిండు. పేరు మాత్రం బజారుకు మిగిలింది. ఒక నౌకరు పేరు మీద నగరంలో ఇంత పెద్ద బజారు ఉండుడు చిన్న ముచ్చట కాదు.

దుకాణం అక్కడే ఎందుకు పెట్టిండనేది అసలు ప్రశ్న. మూసీకి దక్షిణాన చార్మినార్, నవాబుల దేవిడీలు. ఉత్తరాన కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ, ఇంకా పైకి పోతే సికింద్రాబాద్ కంటోన్మెంట్. ఈ రెండింటి నడుమ జాగ అబిడ్స్. పక్కనే 1786లో ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోయించిన గన్‌ఫౌండ్రీ. 1844 నాటి సెయింట్ జార్జ్ చర్చి. తెల్లదొరల జీతాలు, నవాబుల బంగళాలు, మిషన్ బడులు అన్నీ ఆ చుట్టుపక్కలే. గిరాకీ ఉన్నచోటే అంగడి వెలుస్తది. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చినంక దూరదేశాల సరుకు ఇంకా దగ్గరైంది. విలాయతీ బట్ట, విలాయతీ జోళ్లు, గడియారాలు, సెంట్లు. అబిడ్స్ ఎవరి కోసం వెలిసిందో ఈ సరుకే చెప్తది.

ఆ కాలం కొనుగోళ్లలో ఇంకో ముచ్చట ఉంది. హైదరాబాద్ రాజ్యానికి తన సొంత నాణెం ఉండె. దాన్ని హాలీ సిక్కా అన్నరు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అన్నరు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్ రూపాయలు. కోఠి పక్కన ఉన్న రెసిడెన్సీ బజారులో తెల్లోడి చట్టం నడిచేది. 1933లో అది నిజాంకు తిరిగొచ్చినంకనే సుల్తాన్ బజార్ అయింది. అంటే పట్నం ఒకటే, రూపాయలు రెండు, చట్టాలు రెండు. సౌదాకు పోయిన సామాన్యుడు ఒకే పొద్దులో రెండు లెక్కలు తెల్సుకోవాలె. అణాలు, పైసలు వేళ్ల మీద లెక్కపెట్టి మార్చే మన తాతల గణితం ఏ యూనివర్సిటీ నేర్పలేదు, బజారే నేర్పింది.

ఇగ గుర్రాల ముచ్చటకు వద్దాం. బట్టల బీరువా కట్టించిన ప్రభువే పందాల మైదానాన్ని కూడా తన ఇంటి దగ్గరికి తెచ్చుకున్నడు. హైదరాబాద్‌లో గుర్రప్పందాలు 1868లో మౌలాలిలో మొదలైనయి. 1886లో మహబూబ్ పాషా వాటిని మలక్‌పేటకు మార్పించిండు. తన మహబూబ్ మాన్షన్‌కు అది దగ్గర. అబిడ్స్ నుంచి కోఠి మీదుగా, 1831లో కట్టిన చాదర్‌ఘాట్ వంతెన దాటితే మలక్‌పేట. బగ్గీ ఎక్కితే ఎంతసేపు? అబిడ్స్‌లో కొన్న కొత్త కోటు తొడుక్కొని పోవాల్సిన చోటు రేస్‌కోర్సు. బజారుకూ పందానికీ ఉన్న చుట్టరికం అది. 1911లో మహబూబ్ పాషా చనిపోయినంక పందాలు సికింద్రాబాద్ పరేడ్ మైదానానికి పోయినయి. 1968లో మళ్లీ మలక్‌పేటకు వచ్చినయి. ఇప్పటికీ అక్కడే నడుస్తున్నయి.

పందెంలో గుర్రం ఎవరిదైనా, పరుగు వెనుక ఎంతమంది చాకిరీ ఉంటదో మనం మరువొద్దు. తెల్లారక ముందే లేచి గుర్రాన్ని తోమే సైసు, గడ్డి కోసుకొచ్చేటోళ్లు, నాడాలు కొట్టేటోళ్లు, జీను కుట్టే తోలుపనోళ్లు. బహుమతి కప్పు మీద వీళ్లెవరి పేరూ ఉండదు. దేశవాళీ గుర్రానిది కూడా అదే గతి. అప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే ఉన్న నాందేడ్ దిక్కు మాలేగావ్‌లో ఖండోబా జాతర అవుతది. అది గుర్రాలకు, పశువులకు పేరుమోసిన అంగడి. దక్కన్ పొట్టి గుర్రం ఎండకు ఆగేది, గుట్టలెక్కేది, తక్కువ మేతతో బతికేది. కానీ రేస్‌కోర్సులో దానికి విలువ లేదు. అక్కడ పొడుగు కాళ్ల మేలుజాతి గుర్రమే కావాలె. అబిడ్స్‌లో విలాయతీ కోటుకు ఉన్న ఇజ్జత్, మలక్‌పేటలో విలాయతీ గుర్రానికి ఉండె. ముల్కీ సరుకు ఎప్పుడూ గేటు బయటనే.

మరి ఈ కోట్లకు, ఈ గుర్రాలకు పైసలు ఎక్కడివి? మన ఊర్లయి. దివానీ ఇలాకా శిస్తు, సర్ఫెఖాస్ శిస్తు, జాగీర్ల వసూళ్లు. నల్లగొండలో, కరీంనగర్‌లో, పాలమూరులో బురదలో దిగి నాటేసినోళ్లు, వెట్టి చేసినోళ్లు, నాగు కట్టి ఆ వడ్డీ తీర్చలేక భూమి పోగొట్టుకున్నోళ్లు కట్టిన పైసలు. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ పైసలే పట్నం బజార్లలో తిరిగినయి. అందుకే మేము ఒక మాట అంటం. అబిడ్స్ దీపాల్లో మండిన నూనె మన ఊర్లది. ఈ పట్నాన్ని కట్టింది ఎవరని ఎవరన్నా అడిగితే, నిజాం కట్టిండని ఒక జవాబు, మేము వచ్చి కట్టినమని ఇంకో జవాబు చెప్తరు. రెండింటిలోనూ పల్లె లేదు. నవాబుల వైభవం చెప్పుకుని మురిసిపోవడానికి మేము ఇక్కడికి రాలేదు. ఆ వైభవం బిల్లు ఎవరు కట్టిండ్రో యాది చేయడానికి వచ్చినం.

అయితే కథ అక్కడ ఆగలేదు. అబిడ్స్ నుంచి నాంపల్లి వైపు మళ్లీ నడుద్దాం. 1938లో ఉస్మానియా యూనివర్సిటీలో చదివిన పట్టభద్రులు కొందరు ఒక్కదగ్గర కూడిండ్రు. రాజ్యం ఆర్థిక స్థితి మీద సర్వే చేయాలనుకున్నరు. దానికి పైసలు కావాలె. పైసలు సంపాయించేందుకు, మన దగ్గర ఏమేం తయారైతున్నయో జనానికి చూపించేందుకు ఒక ప్రదర్శన పెట్టిండ్రు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని ఆ సంస్థ చరిత్రలో చెప్తరు. నాంపల్లి పక్కన బాగెఆంలో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో, పది దినాలు నడిచింది. దాని పేరు నుమాయిష్ మస్నూఆతె ముల్కీ. ఆ పేరును మనం విప్పి చదవాలె. మస్నూఆత్ అంటే చేసిన వస్తువులు. ముల్కీ అంటే ఈ నేలవి. ఈ నేల మనుషులు చేసిన వస్తువుల ప్రదర్శన. ముల్కీ అనే మాట మనం నౌకర్ల పంచాయితీలో విన్నం, 1952లో విన్నం, 1969లో విన్నం. అదే మాట ఒక అంగడి పేరులో కూడా ఉండెనని ఎంతమందికి తెలుసు?

అరమైలు దూరంలో అబిడ్స్ విలాయతీ సరుకు అమ్ముతుంటే, ఈ పిలగాండ్లు ముల్కీ సరుకు పరిచిండ్రు. రేస్‌కోర్సు గేటు బయట నిలబడ్డ దానికి ఇక్కడ గేటు తీసిండ్రు. 1946లో నుమాయిష్ ఇప్పుడున్న మైదానానికి మారింది. 1947, 48లో రాజ్యం కల్లోలంలో పడి ఆగింది. 1949లో మళ్లీ మొదలైంది. టికెట్ల, స్టాళ్ల ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు పెట్టింది. నాంపల్లిలో ఆడపిల్లలు చదివే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ సొసైటీవే. అంగడి ఆదాయం బడి అయింది. పందెం పైసలు ఎక్కడికి పోయినయో మనకు తెల్వదు గాని, ఈ పైసలు ఎక్కడికి పోయినయో కళ్ల ముందర కనబడతది.

ఆ కాలంలో ముల్కీ సరుకంటే పెంబర్తి ఇత్తడి, నిర్మల్ బొమ్మలు, వరంగల్ తివాచీలు, బీదర్ పని, చేనేత మాత్రమే కాదు. 1934లో వరంగల్‌కు ఆజంజాహీ మిల్లు వచ్చింది. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు, ఆ తర్వాత ఆల్విన్, ప్రాగా టూల్స్. ఈ పేర్లు చదివితే ఇయ్యాల ఏమనిపిస్తది? ఆజంజాహీ మిల్లు మూతపడ్డది, దాని జాగ ముక్కలైంది. ఆల్విన్ పేరు బస్టాపుకు మిగిలింది. ఇవి ఉమ్మడి రాష్ట్రంలో జరిగినయి, వాటి మీద మనం గొంతు చించుకున్నం. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినంక, 2015 డిసెంబర్‌లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించిండ్రు. అది మన రాష్ట్రంలోనే జరిగింది. అవతలోళ్లను అడిగిన ప్రశ్న మనోళ్లను అడగకపోతే, ఆ ప్రశ్నకు అప్పుడు కూడా విలువ లేనట్టే.

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. అబిడ్స్ కట్టినోళ్లంతా ఈ నేలలో పుట్టినోళ్లు కాదు. ఆర్మేనియన్ వచ్చిండు. ఇరానీలు వచ్చి చాయ్ హోటళ్లు పెట్టిండ్రు. మార్వాడీలు, గుజరాతీలు వచ్చిండ్రు. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టింది. అక్కడి ఉస్మానియా బిస్కెట్టు మన చాయ్‌లో మునిగి మనదైంది. బతకొచ్చినోళ్లతో మనకెప్పుడూ పంచాయితీ లేదు. ఉన్నోళ్ల బతుకును తొక్కి ఏలేటోళ్లతోనే పంచాయితీ. ఓరియంట్ హోటల్ టేబుళ్ల మీద కవులు, కమ్యూనిస్టులు, విద్యార్థులు, పత్రికలోళ్లు గంటలకొద్దీ కూసున్నరు. ఒక్క చాయ్‌కి అంత జాగ ఇచ్చిన బజారు అది. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

ఇయ్యాల మెట్రో ఎక్కితే అసెంబ్లీ, నాంపల్లి దాటి కొద్ది నిమిషాల్లో మలక్‌పేటలో దిగొచ్చు. దిగినోళ్లు ఒకసారి మహబూబ్ మాన్షన్ పేరు మీద ఉన్న మార్కెట్ యార్డు దిక్కు చూడండి. పందాలు చూసేందుకు పాదుషా ఉన్న చోట, ఇప్పుడు ఉల్లిగడ్డ బస్తాలు దిగుతయి. రాత్రంతా లారీ మీద కూసుని వచ్చిన రైతు ధర కోసం నిలబడతడు. అటు మైదానంలో గుర్రం మీద పందెం, ఇటు యార్డులో పంట మీద పందెం. గుర్రప్పందెం అదృష్టం కాదు, నైపుణ్యమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి రైతు వేసే పందెంలో నైపుణ్యానికి విలువ ఎక్కడుంది? వాన ఎప్పుడొస్తదో, ధర ఎంత పలుకుతదో అతని చేతిలో లేదు. ఓడిపోతే అతను టికెట్టు చింపి ఇంటికి పోలేడు, అప్పు వెంట వస్తది.

మిత్రులారా, ఉద్యోగులు నెల జీతం తీసుకుంటరు. విద్యార్థులు రేపు తీసుకుంటరు. ఆ జీతం ఏ బజారుకు పోతదనేది చిన్న ప్రశ్న కాదు. జనవరిలో నుమాయిష్ మొదలైతే మనం పిల్లలను తోలుకుని పోతం. కాశ్మీరు శాలువాలు చూస్తం, లక్నో కుర్తాలు చూస్తం. చూడాలె, కొనాలె, వాళ్లదీ కష్టమే. కానీ దాని మొదటి పేరులో ఉన్న ముల్కీ అనే మాటను కూడా ఒక్కసారి వెతకండి. సిరిసిల్ల, పోచంపల్లి, గద్వాల స్టాలు ఎక్కడున్నదో అడగండి. లేకపోతే ఎందుకు లేదని అడగండి. అడిగేటోడు ఉంటేనే పెట్టేటోడు పెడతడు. గిరాకీ ఉన్నచోటే అంగడి వెలుస్తదని మొదట్లో అన్నం కదా, అది అబిడ్‌కే కాదు, మన చేనేతకూ వర్తిస్తది.

రాష్ట్రం కావాలని ఆ నాంపల్లి రోడ్ల మీదనే ఉరికినం, గన్‌పార్కు దగ్గర స్తూపానికి మొక్కినం. రాష్ట్రం వచ్చింది. దాంతో మన చేతికి వచ్చింది ఒక గేటు తాళంచెవి మాత్రమే. ఆ గేటు ముల్కీ సరుకుకు తెరుస్తమా, మళ్లీ దాన్ని బయటనే నిలబెడతమా అనేది మన ఇష్టం. 1938లో ఆ పట్టభద్రుల చేతిలో ఉన్నది రెండున్నర రూపాయలు. మన చేతిలో అంతకన్నా ఎక్కువే ఉంది.